దండం బొమ్మ కింద రాసిన ముక్కలు

రండి, ఇలా కుంపటి దగ్గరికి జరగండి. సంక్రాంతి ముందు చలి కదా, మా నరసన్నపేటలో పొద్దుగూకితే చాలు, వంశధార వైపు నుంచి వచ్చే గాలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. టీ పొయ్యి మీద ఉంది. అది మరిగేలోగా నా పని కబుర్లు చెబుతాను.

నేను చుట్టుపక్కల కొట్లకూ గుళ్ళకూ బళ్ళకూ వెబ్‌సైట్లు చేసి ఇస్తాను. చేసిచ్చాక వాళ్ళే రోజూ అందులో ధరలు, ఫోటోలు ఎక్కించుకోవాలి. ప్రతి ముక్కకీ నన్ను పిలవకుండా వాళ్ళ పని వాళ్ళు చేసుకునే ఏర్పాటునే సీఎంఎస్ అంటాం. 2001లో వచ్చిన డ్రూపల్, 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్, 2005 నాటి జూమ్లా, అన్నీ ఆ కోవలోవే. ఎవరెవరో ఎక్కడెక్కడో కూర్చుని రాసి, అందరికీ ఉచితంగా ఇచ్చిన కోడు అది. దాన్ని మన ఊరి మనిషి చేతికి అలవాటు చేయడం నా వంతు. ఆ పనిలో నాకు వచ్చిందంతా గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుంటే వచ్చిందే.

బుడితి ఇత్తడి మీకు తెలుసు కదా. ఇక్కడికి దగ్గరే, సారవకోట మండలం. ఆ సామాన్లు అమ్మే ఒక పెద్దాయనకు 2014లో వర్డ్‌ప్రెస్‌తో సైటు చేసిచ్చాను. వారం తిరక్కుండా ఫోను చేశాడు. ‘బాబూ, చెంబు ఎలా చేస్తారో ఇంత కత రాసినాను. ఒక దండం బొమ్మెట్టి, దాని కింద ఇంకో నాలుగు ముక్కలు రాసినాను. దండమూ లేదు, కిందదేటీ లేదు. ఏటయిపోనాది?’

ఏదో బటన్ తప్పు నొక్కి ఉంటాడనుకుని మళ్ళీ రాయమన్నాను. రాశాడు. మళ్ళీ పోయింది. మూడోసారీ అంతే. నాలుగోసారి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, వేలు ఎక్కడ పెడుతున్నాడో చూశాను. ఆయన చేసిన దాంట్లో తప్పు ఒక్కటీ లేదు.

సంగతేమిటంటే, రాసిందంతా దాచే మైసీక్వెల్ డేటాబేసులో అప్పట్లో అందరం వాడిన అమరిక ఒక్కో గుర్తుకు 3 బైట్ల వరకే చోటిచ్చేది. మన తెలుగు అక్షరాలకు సరిగ్గా 3 చాలు. ఫోన్లోని దండం బొమ్మకు 4 కావాలి. ఆ బొమ్మ రాగానే డేటాబేసు అక్కడ ఆగిపోయి, బొమ్మనీ దాని తర్వాత ఉన్నదాన్నీ వదిలేసేది. హెచ్చరిక కూడా ఉండేది కాదు. 4 బైట్ల అమరిక మైసీక్వెల్‌లో 2010 నుంచే ఉన్నా, వర్డ్‌ప్రెస్ దాన్ని వాడుకలోకి తెచ్చుకున్నది 2015 ఏప్రిల్‌లో, 4.2 వెర్షన్‌తో. ఆయన సైటును మాత్రం పక్కన కూర్చుని చూసిన ఆ రోజే నా చేత్తో మార్చాను. కానీ ఆ పెద్దాయన మూడుసార్లు కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసిన కత ఉందే, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అప్పటి నుంచి, సైటు ఎవరు నింపుతారో వాళ్ళ పక్కన ఒక పూట కూర్చోకుండా ఏ పనీ మొదలుపెట్టలేదు.

తెలుగులో రాసేవాళ్ళకు ఇంకో చిక్కుంది, ఇది ఇప్పటికీ ఉంది. మనం శీర్షిక రాయగానే వర్డ్‌ప్రెస్ దానితోనే పేజీ చిరునామా తయారుచేస్తుంది. అందుకు 200 గుర్తులే చోటు. తెలుగు అక్షరం చిరునామాలోకి వెళ్ళేసరికి ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులవుతుంది, అంటే అక్షరానికి 9. గుణింతం, వత్తు, సున్నా అన్నీ విడివిడిగా లెక్క. ‘శ్రీముఖలింగం’ అన్న ఒక్క మాటలో అలాంటివి 12 ఉన్నాయి. ‘మహాశివరాత్రి’లో ఇంకో 12. వేసి చూడండి, రెండు మాటలూ పట్టవు! చివరి మాట ‘మహాశివరాత్’ దగ్గర తెగిపోతుంది. ఈ రెండు మాటలతోనే శీర్షిక మొదలుపెట్టి ఉత్సవాల గురించి ఒక పేజీ, బస్సుల గురించి ఇంకో పేజీ పెడితే రెండూ ఒకే చిరునామా కింద పడి, రెండోదానికి చివర 2 అంకె తగులుకుంటుంది. వాట్సాప్‌లో పంపితే మూరెడు శాతం గుర్తులు. అందుకే శీర్షిక తెలుగులోనే ఉంచి, చిరునామా మటుకు చిన్నదిగా ఇంగ్లీషు అక్షరాల్లో చేత్తో రాయమంటాను. ముందే చెప్పాలి సుమా. లింకు నలుగురికీ పంచాక మారిస్తే పాతది పట్టుకుని వచ్చినవాళ్ళు దారి తప్పుతారు.

ఇంతలో టీ వచ్చింది, తీసుకోండి.

బంగారం కొట్టు పాఠం వేరు. నలభై నగల పేజీల్లో గ్రాము ధర విడివిడిగా టైపు చేయించే సైటు ఒకటి నా చేతికి వచ్చింది. ధర రోజూ మారుతుంది కదా, ఏ పూటకాపూట ఏదో ఒక పేజీలో నిన్నటి రేటు మిగిలిపోయేది. గ్రాము రేటుకు ఒక్క గడి పెట్టి, నగలన్నీ దాన్నే చూసుకునేలా మార్చాను. అక్కడ పనిచేసే అమ్మాయి పొద్దున్నే ఒక్క అంకె వేస్తే చాలు. ఆవిడ మొదటి రోజున, చీటీ మీద ఎలా రాస్తారో అలాగే, 7 తర్వాత కామా పెట్టి వంద వేసి, చివర గీతలు గీసింది. సైటు కోడు రాసిన పీహెచ్‌పీ భాష కామా దగ్గర ఆగిపోయి దాన్ని 7గా లెక్కగట్టింది. పది గ్రాముల గొలుసు 70 రూపాయలని సైటులో కనిపించింది. తప్పు నాది. మనుషులు ధర ఎలా రాస్తారో తెలిసీ ఆ గడికి నేర్పలేదు. ఇప్పుడది కామాలూ గీతలూ తనే తీసేసుకుంటుంది. నిన్నటి ధరకూ ఇవాళ్టి ధరకూ మరీ తేడా ఉంటే ‘నిజమేనా’ అని అడుగుతుంది.

సీఎంఎస్ అసలు కోడులో వేలు పెట్టకూడదన్న సంగతి ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే. పెడితే తర్వాతి అప్‌డేట్‌తో మనం రాసిందంతా కొట్టుకుపోతుంది. దాని మీద ఎక్కువ చెప్పను.

మాటల సంగతి మాత్రం చెప్పాలి. అడ్మిన్ పేజీలో కేటగిరీలకు ‘వర్గాలు’ అని పెట్టాను ఒకసారి. ‘మాకు వర్గాలేటి బాబూ, అందరం ఒకటే’ అన్నాడు ఇత్తడి కొట్టు పెద్దాయన. ‘సామాన్ల రకాలు’ అని మార్చాను. ‘ప్రచురించు’ తీసి ‘సైటులో పెట్టు’ అన్నాను. గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టిన పర్వతాలపేట ఈ వంశధార ఒడ్డునే ఉంది. జనం మాట్లాడే భాషలోనే పుస్తకాలుండాలని ఆయన జీవితమంతా వాదించారు. బటన్ల మీద రాతకూ అది వర్తిస్తుందని నాకు ఆ కొట్లోనే అర్థమైంది.

ఇక హుద్‌హుద్ తుఫాను. 2014 అక్టోబరు 12న విశాఖ మీద విరుచుకుపడింది. నేనప్పుడు అక్కడే ఉన్నాను. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల నిండా కూలిన చెట్లు. సరిగ్గా మూడు రోజులకు, 15వ తేదీ రాత్రి మన టైము తొమ్మిదిన్నర ప్రాంతంలో, డ్రూపల్ 7లో పెద్ద లోపం ఉందని ప్రకటించారు. 7 గంటల్లోపు సరిచేసుకోని సైటులో దొంగలు పడ్డారనే అనుకోండి అని తర్వాత వాళ్ళే చెప్పారు. అంటే మనకు తెల్లవారుజాము నాలుగున్నర. ఆ రాత్రి నేను కొవ్వొత్తి వెలుగులో మంచినీళ్ళ కోసం చూస్తున్నాను.

మళ్ళీ నెట్ అందేసరికి రోజులు గడిచాయి. నా చేతిలో ఉన్న డ్రూపల్ సైటు ఒక్కటే, నరసన్నపేటలో ఒక బట్టల కొట్టుది. లోపాన్ని పూడిస్తే చాలదు, ఆ తేదీకి ముందరి కాపీ నుంచి సైటును మళ్ళీ నిలబెట్టాలి. నా కాపీలన్నీ నీళ్ళు దిగిన కంప్యూటర్లో ఉన్నాయి. కొట్టాయన గల్లాపెట్టె సొరుగులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. ఆ ఏడు దసరా 3వ తేదీన వచ్చింది. తూకం రాయి, కత్తెర, గజం బద్దలతో పాటు ఆయుధపూజలో పెట్టుకోవడానికి సైటు కాపీ అడిగి తీసుకున్నాడాయన. దానికి పసుపు ఇంకా అంటుకునే ఉంది. అందులోంచే సైటును నిలబెట్టాను. పండగ తర్వాత పెట్టిన ఫోటోలు కొన్ని పోయాయి, అంతే.

ఈ సంగతి ఇత్తడి కొట్టు పెద్దాయన చెవిన పడింది. అప్పటి నుంచి ప్రతి దసరాకూ నేను బుడితి సైటు కాపీ పట్టుకుని వెళ్ళాలి. ఇచ్చేసి వస్తే ఊరుకోడు. అక్కడే ఇంకో ల్యాప్‌టాప్‌లో ఆ కాపీ నుంచి సైటు మొత్తం లేపి చూపించాలి. కళ్ళజోడు పెట్టుకుని చెంబు కత దగ్గరికి వెళ్తాడు. దండం బొమ్మ మీద వేలు పెట్టి, దాని కింది నాలుగు ముక్కలూ పైకి చదువుతాడు. ‘ఉన్నాయి’ అంటాడు. అప్పుడు పెన్‌డ్రైవ్‌కు బొట్టు పెడతాడు.