ఆ 8 ఎంబీ ఎటు పోతోంది?

ల్యాప్‌టాప్ తరచూ ఆగిపోతోందంటే మనం మొదట చేసేది రీస్టార్ట్. తర్వాత చేసేది కొత్తదాని ధర చూడటం. మా చెల్లి ఆ రెండోది చేయనివ్వలేదు. డిగ్రీ చదువుతూ బ్యాంకు పరీక్షల కోసం ఆన్‌లైన్‌లో మాక్ టెస్టులు రాస్తుంటుంది. నేను బీటెక్‌లో వాడిన 4 జీబీ ల్యాప్‌టాప్ ఇప్పుడు తనది. విండోస్ 11 దానిలో ఎక్కదు కాబట్టి లినక్స్ వేసిచ్చా. దాని స్క్రీన్ పాడైతే బయటి మానిటర్‌కి కలిపాం. సరిగ్గా టెస్టు మధ్యలో అంతా బిగుసుకుపోయేది. "కొత్తది వద్దన్నయ్యా, ఇదెందుకిలా చేస్తోందో చూడు చాలు" అంది.

చూస్తే ర్యామ్ నిండిపోతోంది. తమాషా ఏంటంటే, నడుస్తున్న ప్రోగ్రాములన్నీ వాడుకున్నది కలిపినా లెక్క తేలట్లేదు. బ్రౌజర్ మూసేసినా మెమరీ తిరిగి రావట్లేదు. గ్రాఫిక్స్ డ్రైవర్ తన బఫర్ల జాబితాను, అంటే తెర బొమ్మలు దాచే మెమరీ ముక్కల జాబితాను, ఒక డీబగ్ ఫైల్‌లో చూపిస్తుంది. అది తెరిస్తే ఒకే సైజు బఫర్లు వందల్లో ఉన్నాయి. ఒక్కోటీ 82,94,400 బైట్లు.

ఆ అంకె దగ్గరే దొంగ దొరికాడు. ఫుల్ హెచ్‌డీ తెర అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. ఒక్కో చుక్కకి 4 బైట్లు. గుణిస్తే సరిగ్గా అంతే! మానిటర్ కేబుల్ లూజు. కనెక్షన్ పోయి వచ్చిన ప్రతిసారీ ఒక తెర బొమ్మంత, దాదాపు 8 ఎంబీ, గల్లంతవుతోంది.

"కేబుల్ మారిస్తే పోలా?" అంటారేమో. మార్చాను. చెల్లి గొడవ తీరింది. డ్రైవర్‌లో కన్నం మాత్రం అలాగే ఉంది. లూజు కేబుళ్లు మా ఇంట్లోనే ఉండవుగా!

డ్రైవర్ మెమరీని ఎలా చూసుకుంటుందో పెళ్లి భోజనాలతో చెప్పొచ్చు. ప్రతి బఫర్‌ని ఎంతమంది వాడుతున్నారో ఒక లెక్క ఉంటుంది. కూర్చుంటే ఒకటి కలపాలి, లేస్తే ఒకటి తీసేయాలి. సున్నా అయితే విస్తరి ఎత్తేసి ఆ చోటు తర్వాతి బంతికి ఇస్తారు. లేచినవాళ్ల లెక్క తీసేయకపోతే ఆ చోటు ఖాళీగా ఉన్నా ఎవరికీ దక్కదు. అదే మెమరీ లీక్. ఇంకా తింటుండగానే విస్తరి ఎత్తేస్తే? అది 'యూజ్ ఆఫ్టర్ ఫ్రీ'. దీంతో సిస్టమ్ కూలొచ్చు, హ్యాకర్లకి దారి కూడా దొరకొచ్చు. పైగా గ్రాఫిక్స్ చిప్ తన పని తాను విడిగా చేసుకుపోతుంది. సీపీయూ అయిపోయిందనుకున్నా చిప్ ఇంకా చదువుతూ ఉండొచ్చు. అందుకే పని పూర్తయిందని చెప్పే 'ఫెన్స్' అనే గుర్తు కోసం ఆగాలి.

లినక్స్ కెర్నల్ కోడ్ ఎవరైనా చదవొచ్చు. పాత కెర్నల్‌లో ఈ లీక్ లేదు. ఒక్కో విడుదలలో 10 వేలకు పైగా మార్పులుంటాయి. 'గిట్ బైసెక్ట్' వాటిని సగానికి సగం కోసుకుంటూ పోతుంది కాబట్టి 14 పరీక్షల్లో తేలిపోయింది. పని మధ్యలో మానిటర్ ఊడితే డ్రైవర్ వెనక్కి తిరిగొచ్చే దారి ఒకటుంది. అక్కడ లెక్క తగ్గించే లైన్ లేదు.

చేర్చాల్సింది ఒక్క లైనే. అది ఎక్కడ అన్నదే అసలు సంగతి. కాస్త పైన పెడితే తింటున్నవాళ్ల విస్తరి ఎత్తేసినట్టే. ఫెన్స్ తర్వాత పెట్టి, తప్పుడు మెమరీ వాడకాన్ని పట్టుకునే 'కాసన్' ఆన్ చేసి, వందసార్లు కేబుల్ పీకి పెట్టా. ఒక్క బఫర్ కూడా మిగల్లేదు.

ప్యాచ్ పంపితే, ఏ కాలేజీ, ప్యాకేజీ ఎంత అని ఎవరూ అడగలేదు. అడిగింది ఒక్కటే: లెక్క ఇక్కడే ఎందుకు తగ్గించాలి? జవాబిచ్చా. చేర్చుకున్నారు. ఆ చిప్ ఉన్నవాళ్లకి అది మామూలు అప్‌డేట్‌లోనే వెళ్తుంది. ఎవరూ గమనించరు కూడా.

మీ పాత ల్యాప్‌టాప్ కూడా ఇలాగే మొరాయిస్తుంటే, ఏం చేసినప్పుడు ఎంత మెమరీ పోతోందో రాసుకుని చూడండి. కోడ్ రాకపోయినా ఫర్లేదు. ఆ అంకెతో బగ్ రిపోర్ట్ ఇస్తే, సరిచేసేవాళ్లకి సగం పని మీరే చేసిపెట్టినట్టు.