హెచ్చరిక మన తండా దాకా రావాలంటే

ఆళ్ళగడ్డ వైపు తండాల నుంచి వచ్చి నంద్యాల హాస్టల్లో చదువుకుంటున్నోళ్ళం రాస్తున్నాం.

2025 సెప్టెంబరు 8న సోషల్ మీడియా నిషేధం మీద కాఠ్మాండులో మన వయసు పిల్లలు రోడ్డెక్కారు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మర్నాడు ప్రధాని ఓలి రాజీనామా చేశారు, ఎయిర్‌పోర్టు మూతపడింది. అదే రోజు మన విదేశాంగ శాఖ చెప్పింది: అక్కడున్నోళ్ళు బయటికి రావద్దు, పోవాలనుకున్నోళ్ళు వాయిదా వేసుకోండి. ఎంబసీ నంబర్లు వాట్సాప్‌తో సహా ఇచ్చింది. ఇక్కడ అమరావతిలో ఎవరు ఏ హోటల్లో చిక్కుకున్నారో లిస్టు రాసుకున్నారు. 11న 140 మందికి పైగా తెలుగోళ్ళు ప్రత్యేక విమానంలో విశాఖ, తిరుపతి చేరారు.

ఫోన్ చేసి చెప్పుకుంటేనే గదా లిస్టులో పేరు ఎక్కేది! మాకు ఫోన్లో కనిపించిన హెచ్చరిక ఇంగ్లీషులో ఉంది. మా అమ్మానాయనలకు తెలుగే కూడబలుక్కోవాలి. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కాబట్టి ఆ కాగితం చదివి, ఇంటి భాషలో చెప్పే బాధ్యత మాదే, మీదే.

మీ ఊరినుంచి కువైట్‌కో, ఇంకెక్కడికో పోయినోళ్ళుంటే ఈ ఆదివారమే ఒక పని చేయండి. వాళ్ళ పాస్‌పోర్టు నంబరు, ఉండే అడ్రసు, అక్కడి మన ఎంబసీ నంబరు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. గొడవలు మొదలయ్యాక వెతుక్కునే టైముండదు.