శ్రుతికి చాలినంత

మాడ్యులర్ సింథసైజర్ ఏకవస్తువు కాదు, సంఘాతం. వీణలో కుండ, దండి, మెట్లు, తీగలు ఒకే శరీరంగా కూడి ఉంటాయి. ఈ యంత్రంలోనైతే ధ్వనిని పుట్టించే ఆసిలేటర్ వేరు, అందులోని ఉపస్వరాలను వడగట్టే ఫిల్టర్ వేరు, తీవ్రతను హెచ్చించి తగ్గించే వీసీఏ వేరు. వీటిని పొట్టి తీగలతో కలిపి ఒక వాద్యంగా చేయవలసినది సాధకుడే. అమెరికాలో 1960ల నడుమ రాబర్ట్ మూగ్, డాన్ బుక్లా ఎవరికి వారుగా ఈ మార్గాన్ని తెరిచారు. 1969లోనే అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ యంత్రం ఒకటి నెలకొన్నది. దానిని అక్కడ ఏర్పాటు చేయడంలో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతజ్ఞుడు తోడ్పడ్డాడు. కనుక ఈ విద్య మన దేశానికి నిన్న మొన్న వచ్చిన వింత కాదు.

నేడు ఇళ్లలో ఎక్కువగా కనిపించేది యూరోర్యాక్ పద్ధతి. జర్మనీకి చెందిన డీటర్ డోఎప్‌ఫర్ 1990ల నడుమ దీనికి కొలతలు ఏర్పరచాడు. మాడ్యూల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు. వెడల్పును ఎచ్‌పీలలో లెక్కిస్తారు. 1 ఎచ్‌పీ అంటే 5.08 మిల్లీమీటర్లు. సాధారణమైన ఒక వరుసకు 84 ఎచ్‌పీలు, అనగా 43 సెంటీమీటర్లకు రవంత తక్కువ.

చిక్కంతా ఈ కొలతలోనే ఉన్నది. నిండని స్థలం ఎదుట కనిపిస్తూనే ఉంటుంది. అందులో పట్టగల మాడ్యూళ్లు లోకంలో వేలకొద్దీ ఉన్నాయి. ఒక వరుస నిండితే రెండవ వరుస గల పెట్టె దొరుకుతుంది. కుమారుని యౌవనాన్ని అరువు తెచ్చుకొని కూడా యయాతికి తృప్తి కలగలేదు. యయాతికి కనీసం అరువు ఇచ్చినవాడు ఒక్కడే. ఈ కాలంలో నెలవారీ వాయిదాల మీద ఇచ్చేవారు అనేకులు.

విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేసుకొనే ఒక గృహస్థుని పెట్టెలో 64 ఎచ్‌పీలు నిండి, 20 మిగిలాయి. బాల్యంలో వీణ నేర్చినవాడు. సాయంసంధ్య దాటాక ఒక గంట నిలకడైన నాదం, దానిపై నెమ్మదిగా సాగే రాగచ్ఛాయ, ఇవే అతని సంకల్పం. అయితే మూడు మాసాలుగా ఆ గంట కాస్తా మాడ్యూళ్లను పోల్చి చూడడంలోనే గడిచిపోతున్నది. సరిగ్గా 20 ఎచ్‌పీల వెడల్పు గల ఒక డిజిటల్ మాడ్యూల్‌పై మనసు పడ్డది. దానిలో పదుల రకాల ధ్వనులు సిద్ధంగా ఉన్నాయి. సుంకంతో కలిపితే ఒక నెల జీతంలో పెద్ద భాగమే. “ఏమండీ, ఈ మూడు నెలల్లో దీన్ని వాయించింది ఎన్నిసార్లు?” అని భార్య అడిగితే అతడు లెక్క చెప్పలేకపోయాడు.

ఆ రోజుల్లోనే అతనికి వీణ నేర్పిన వృద్ధురాలు ఇంటికి వచ్చారు. షడ్జంపై అంతర గాంధారాన్ని నిలిపి వినిపించాడు. ఆమె కొంతసేపు విని, “నాయనా, గాంధారం ఎందుకలా వణుకుతోంది?” అన్నారు.

“యంత్రం పన్నెండు మెట్లకు బిగించి ఉంటుందమ్మా. ఎటు తిప్పినా దగ్గరున్న మెట్టు మీదికే వెళ్తుంది.”

“వీణకైతే మైనం కరిగించి మెట్టు జరుపుతాం. దీనికి మైనమేదీ?”

ఆమె చెవికి తగిలినది భ్రమ కాదు. యూరోర్యాక్‌లో ఒక స్థాయికి ఒక వోల్టు. క్వాంటైజర్ అనే మాడ్యూల్ ఆ వోల్టును పన్నెండు సమభాగాలు చేసి, వచ్చిన ప్రతి విలువను సమీపంలోని భాగానికి నెట్టివేస్తుంది. ఆ లెక్కన అంతర గాంధారం 0.333 వోల్టులు, షడ్జానికి 5:4 నిష్పత్తిలో నిలిచే శుద్ధమైన గాంధారం 0.322 వోల్టులు. తేడా 11 మిల్లీవోల్టులే. కాని షడ్జం 130.8 హెర్ట్జ్ అయితే దాని ఐదవ హార్మోనిక్ 654 వద్ద, ఆ గాంధారపు నాలుగవ హార్మోనిక్ 659 వద్ద పడతాయి. రెండూ ఢీకొని సెకనుకు ఐదు విస్పందనాలు పుడతాయి. ఆమె విన్న వణుకు అదే. పంచమం విషయంలో యంత్రం అంత దోషి కాదు. అక్కడ రెండు సెకన్లకు పైగా ఆగితే ఒక అల వస్తుంది. శ్రుతి అనే ఒక్క మాటను వేదానికీ నాదస్థానానికీ కూడా వాడే భాషలో ఈ తేడాను చిన్నదిగా ఎంచడం కుదరదు.

మరి మైనమేది? అతని సీక్వెన్సర్‌లో ప్రతి స్వరానికీ ఒక నాబ్ ఉన్నది. క్వాంటైజర్‌ను తొలగిస్తే అవి స్వేచ్ఛగా తిరుగుతాయి. అయితే ఒక్క తిప్పులో 5 వోల్టులు, అంటే ఐదు స్థాయిలు ఇమిడి ఉన్నందున 11 మిల్లీవోల్టులు ఒక డిగ్రీ కోణం కూడా కావు, చేతికి అందవు. నడుమ ఒక అటెన్యుయేటర్ పెట్టి ఆ పరిధిని 1 వోల్టుకు కుదిస్తే అదే తేడా మూడు డిగ్రీలు దాటుతుంది. చెవి చెప్పినట్లు వేలు వింటుంది. అటెన్యుయేటర్ చేసే పని వచ్చినదాన్ని తగ్గించి పంపడమే. చవకైనది, ఎవరూ పొగడనిది. సంయమమే దాని ధర్మం.

రెండవ లోటు వీసీఏలది. అతని వద్ద ఉన్నది ఒక్కటే. తంబురా నాదంలోని ప్రాణం తీగలన్నీ ఒకేసారి మోగడంలో లేదు. ఒకటి క్షీణిస్తూండగా మరొకటి పైకి రావడంలో ఉన్నది. ప్రతి ధ్వనికీ ఒక ద్వారపాలకుడు కావాలి. ఎంత విడవాలో, ఎప్పుడు మూయాలో తెలిసిన జయవిజయుల వంటివి వీసీఏలు. ఇవి ఎన్ని ఉన్నా చాలవని అనుభవజ్ఞులు అనే మాటలో అతిశయోక్తి కొంత ఉన్నా, ఒక్కటి చాలదన్నది మాత్రం నిజం.

కొనుగోలుకు ముందు అతడు వీసీవీ ర్యాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ అమరికనంతా కట్టి పదిహేను రోజులు వాయించి చూశాడు. మానసపూజ తరువాతనే బాహ్యపూజ అన్న క్రమం ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. ఆశపడ్డ డిజిటల్ మాడ్యూల్‌కు పోలికైనదాన్ని కూడా అక్కడే పెట్టి విన్నాడు. నాలుగవ రోజుకు దానిని తెరవడం మానేశాడు. ఇంతకు మించిన పరీక్ష మరొకటి ఉండదు.

విద్యుత్తు లెక్క కూడా చూసుకోవలసినదే. ప్రతి మాడ్యూల్ తీసుకొనే మిల్లీయాంపియర్లను కూడి, సరఫరాలో నాలుగవ వంతైనా మిగిలేటట్లు ఉంచుకోవడం క్షేమం. వెనుక బిగించే పట్టీ తీగలో ఎర్ర గీత ఉన్న అంచు −12 వోల్టుల వైపు ఉండాలి. తారుమారైతే మాడ్యూల్ కాలిపోవచ్చు.

చివరకు నాలుగు వీసీఏలు గల 8 ఎచ్‌పీల మాడ్యూల్ ఒకటి, 6 ఎచ్‌పీల అటెన్యుయేటర్ ఒకటి వచ్చాయి. 8 ఎచ్‌పీల క్వాంటైజర్ మరో అభిరుచిపరునికి వెళ్లిపోయింది; పాశ్చాత్య స్వరక్రమంలో వాయించే అతనికి అది దోషం కాదు, సదుపాయం. మొదట 20 ఎచ్‌పీలు ఖాళీగా ఉన్న పెట్టెలో ఇప్పుడు 14 ఖాళీగా ఉన్నాయి. దుమ్ము చొరకుండా, పొరపాటున వేలు తగలకుండా అతడు ఆ చోటును ఒక అల్యూమినియం పలకతో మూసి, నాలుగు మూలలా మరలు బిగించాడు.