మా నాన్న చూసిన దేవదూత

యూనియన్ కార్యదర్శి ఫోన్ చేసి, "ఈ ఏడాది సావనీరుకు పాత విద్యార్థిగా మీరేదైనా వ్రాయాలి సార్, కాలేజీ రోజుల అనుభవమైతే మరీ బాగుంటుంది" అన్నాడు. సరేనన్నాను. తీరా కాగితాలు ముందేసుకుని కూర్చుంటే, ఆ రోజుల్లోంచి ముందుగా కళ్ళముందుకొచ్చింది ఒక కప్పు. 1979లో వక్తృత్వ పోటీలో నాకు వచ్చిన మొదటి బహుమతి. అది నాకు దక్కాల్సింది కాదని ఒక్కరోజులోనే తెలిసిపోయింది. ఆ సంగతే వ్రాస్తాను.

మా నాన్న రైల్వేలో గ్యాంగుమన్. తరువాత్తరువాత కీమేన్ అయ్యాడు. ఒంగోలు, బాపట్ల మధ్య మెయిన్ లైను మీద ఆయన డ్యూటీ. కాలేజీలో చేరినప్పుడు దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట "రైల్వే ఉద్యోగి" అని వ్రాసి ఊరుకున్నాను. హాస్టల్లో అడిగినవాళ్ళు స్టేషను మాస్టరో, గార్డో అనుకుంటే అనుకోనిచ్చాను. ఇవాళ సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను.

ఆ పని ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఈనాటి కాంక్రీటు స్లీపర్లు, స్ప్రింగు క్లిప్పులు అప్పుడు మా వైపు లేవు. పోత ఇనుము స్లీపర్లకు పట్టాను బిగించి ఉంచేవి "కీ" అనే ఇనుప ముక్కలు. బండ్లు పోతుంటే ఆ అదురుకి అవి వదులవుతాయి, ఒక్కోసారి ఊడి కింద పడతాయి. కీమేన్ భుజాన సుత్తి, పెద్ద స్పానరు, చంకలో ఎర్రజెండా పచ్చజెండా పెట్టుకుని తన బీటంతా నడుస్తూ, వదులైన ప్రతి కీనీ కొట్టి బిగించాలి. ఎండ లేదు, వాన లేదు, పండుగ లేదు. ఆయన సరిగా పనిచేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే ఆయన పని. అందుకే బండిలో పోయేవాళ్ళెవరికీ ఆయన కనపడడు.

వానాకాలంలో గ్యాంగువాళ్ళకు రాత్రి పెట్రోలింగు డ్యూటీ వేసేవాళ్ళు. చేతిలో మూడు రంగుల లాంతరు, సంచిలో డిటొనేటర్లు, జేబులో బీటు పుస్తకం. కట్ట కోసుకుపోయిందా, కల్వర్టు కింద నీరెంత ఎత్తున పారుతోంది, పట్టా కింద కంకర ఉందా జారిందా అని చూస్తూ నడవాలి. బీటు చివర పక్క బీటు మనిషి ఎదురొస్తాడు. ఇద్దరూ పుస్తకాలు మార్చుకుని వెనక్కి తిరగాలి. ఇద్దరూ నడిచారనడానికి అదే సాక్ష్యం. కట్ట తెగినచోటు కనపడితే, బండి వచ్చే దిక్కుకి ఎర్రదీపం చూపిస్తూ పరుగెత్తి, 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటరు, 1200 మీటర్ల దగ్గర 10 మీటర్ల ఎడంతో మూడు పట్టా మీద బిగించాలి. వాటిమీదికి చక్రం ఎక్కితే ఢామ్మని పేలుతుంది, డ్రైవరు బండి ఆపుతాడు.

నాన్న పనిలో చేరిన కొత్తలో మేస్త్రీ చెప్పిన మొదటి పాఠం 1956 సంవత్సరానిది. ఆ ఏడు సెప్టెంబరులో జడ్చర్ల, మహబూబ్‌నగర్‌ల మధ్య వరదకు వంతెన కొట్టుకుపోయి, పాసింజరు బండి పడిపోయి నూరుమందికి పైగా పోయారు. నవంబరులో తమిళదేశంలో అరియలూరు దగ్గర మళ్ళీ అలాగే జరిగింది. రైల్వే మంత్రి లాల్‌బహదూర్ శాస్త్రిగారు రాజీనామా ఇచ్చి పోయారు. "మంత్రిగారు రాజీనామా ఇవ్వగలరురా, గ్యాంగుమన్ ఏమివ్వగలడు? నడవాలి" అనేవాడట ఆ మేస్త్రీ.

మా ఇంటి గోడమీద, సిలువ పక్కన, ఒక సర్టిఫికెట్ పటం కట్టి ఉండేది. భారీ వర్షంలో కట్ట కోసుకుపోయిన సంగతి కనిపెట్టి, సకాలంలో బండి ఆపి ప్రయాణికుల ప్రాణాలు కాపాడినందుకు నాన్నకు పై అధికారులు ఇచ్చింది. అప్పుడు నాకు ఆరేళ్ళు. నాన్న దాన్ని గురించి ఎన్నడూ మాట్లాడేవాడు కాదు. ఎవరైనా అడిగితే, "దేవుడి దయ" అని లేచిపోయేవాడు. గొప్పవాళ్ళు అలాగే ఉంటారు కాబోలు అనుకునేవాణ్ణి.

మాది నాలుగు తరాల క్రైస్తవ కుటుంబం. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని గుత్తకు తీసుకుని, తిండి లేనివాళ్ళకు పని పెట్టించాడు. మా తాతగారి తండ్రి ఆ మట్టి మోసినవాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని చరిత్రలో ఉంది. అందులో ఆయనా ఒకడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. అంటే మా ఇంటికి విశ్వాసం పారతోటీ తట్టతోటీ కలిసి వచ్చిందన్నమాట. నాన్న రాత్రి డ్యూటీకి వెళ్ళేటప్పుడు అమ్మ తొంభై ఒకటో కీర్తన చదివి పంపేది. దేవదూతలు నాన్నకు ముందొకడు, వెనకొకడు నడుస్తారని నాకు చెప్పేది.

కాలేజీకి వచ్చాక నాకు ఆ మాటలు చాదస్తంగా తోచాయి. హాస్టల్లో మా రూములో గోరాగారి పుస్తకాలు తిరిగేవి. విజయవాడ నాస్తిక కేంద్రానికి ఒకసారి వెళ్ళి కూడా వచ్చాను. సెలవులకు ఇంటికి పోతే ఆదివారం గుడికి వెళ్ళడానికి ఏదో ఒక వంక చెప్పేవాణ్ణి.

ఆ ఏడు వక్తృత్వ పోటీలో విషయం "నేను మెచ్చిన మహనీయుడు". అందరూ గాంధీగారు, నెహ్రూగారు, వివేకానందుడు అన్నారు. నేను లేచి మా నాన్న గురించి చెప్పాను. దాచుకున్న సంగతి మొదటిసారి పదిమందిలో చెప్పాను. ఆ రాత్రి, ఆ వాన, ఆ ఎర్రదీపం, అంతా నా కళ్ళతో చూసినట్టే చెప్పాను. లెక్చరర్లు కూడా కళ్ళు తుడుచుకున్నారు. కప్పు పుచ్చుకుని, మర్నాడే బండెక్కి ఇంటికి పోయాను.

అమ్మ కప్పును పటం కింద బల్లమీద పెట్టి ప్రార్థన చేసింది. ఆ రాత్రి నాన్నను కాచిన దేవదూతలకోసం దేవుడికి స్తోత్రం చెప్పింది. నేను ఊరుకోవచ్చు గదా! ఊరుకోలేదు. "నడిచింది నాన్న, కాళ్ళు నాన్నవి. మధ్యలో దేవదూతలకెందుకమ్మా పేరు? ఏం నాన్నా, నువ్వెప్పుడన్నా చూశావా దేవదూతని?" అన్నాను.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. అమ్మవంక చూశాడు. అమ్మ తల దించుకుంది.

"చూశాను" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. పక్క బీటులో ఒక సాయిబు ఉండేవాడు. నాన్నకంటే పదేళ్ళు పెద్ద. నాన్న ఆయన్ని భాయ్ అనేవాడు, ఆయన నాన్నను తమ్ముడూ అని పిలిచేవాడు. నాకు ఆయన సాయిబు మావయ్య. రంజానుకు సేమ్యా, క్రిస్మసుకు అరిసెలు ఇటూ అటూ నడిచేవి. ఆ వానరాత్రి నాకు విపరీతమైన జ్వరం, ఫిట్సు. నాన్న డ్యూటీలో ఉండగా అమ్మ ఎవరిచేతనో కబురు పంపింది. పుస్తకాలు మార్చుకునేచోట నాన్న ఏడుస్తూ నిలబడ్డాడట. "పో తమ్ముడూ, పిల్లోణ్ణి చూసుకో. నీ బీటు కూడా నేను నడుస్తా" అని సాయిబు మావయ్య లాంతరు లాక్కున్నాడు. నాన్న ఇంటికొచ్చి, నన్ను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు.

కట్ట తెగింది నాన్న బీటులోనే. చూసింది సాయిబు మావయ్య. డిటొనేటర్లు పెట్టిందీ, ఎర్రదీపం ఊపుతూ పరుగెత్తిందీ, బండి ఆపిందీ ఆయనే. యాభై దాటిన మనిషి, అప్పటికే తన బీటు నడిచి ఉన్నాడు.

తెల్లారి విచారణకు ఇన్‌స్పెక్టరుగారు వచ్చేసరికి సాయిబు మావయ్య ఒక్కటే మాట చెప్పాడు: "ఆపింది తమ్ముడేనయ్యా. బీటు అతనిది." నిజం చెబితే, పెట్రోలింగు వదిలి ఇంటికి పోయినందుకు నాన్న ఉద్యోగం పోతుంది. ఇంట్లో జబ్బు పిల్లవాడు, వయసు మళ్ళిన అమ్మమ్మ. "నేను బతికుండగా ఈ మాట బయటపెడితే అల్లా మీద ఒట్టే" అన్నాడట.

"బహుమతి డబ్బు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టానురా. తీసుకున్నాడు. నెల తిరక్కుండా ఆ డబ్బుతోనే నీకు బడి బట్టలు కుట్టించి తెచ్చాడు. గళ్ళ చొక్కా, నీలం లాగు. నీకు గుర్తుండదు" అన్నాడు నాన్న.

నాకు గుర్తుంది. ఆ చొక్కాతో తీయించుకున్న ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

"దేవదూత అంటే తెల్లబట్టలతో, రెక్కలతో వస్తాడని నేనూ అనుకునేవాణ్ణి" అన్నాడు నాన్న. "తడిసిన ఖాకీ లాగుతో వచ్చాడు. కిందటి నెలలో పోయాడు. ఇక ఒట్టు తీరిపోయింది. నువ్వు నలుగురిలో చెప్పి వచ్చావు కాబట్టి నీకు చెప్పకుండా ఉండలేను. ఆ పటం కింద ఇన్నేళ్ళూ ఎలా ప్రార్థన చేశానో ఆయనకే తెలుసు" అని పైకి చూశాడు.

మర్నాడు ఇద్దరం పటమూ కప్పూ సంచిలో పెట్టుకుని సాయిబు మావయ్య ఇంటికి వెళ్ళాం. అత్తమ్మ వాకిట్లో నులకమంచం వాల్చింది. నాన్న నోరు పెగల్చుకుని సంగతి చెబుతుంటే, ఆవిడ మధ్యలోనే, "నాకు తెలీదా మరిది! ఆ పొద్దున ఆ బురద బట్టలు ఉతికింది నేను కాదూ?" అంది. పటం తీసుకోలేదు. "దీనిమీద నీ పేరుంది. నా ఇంట్లో పెట్టుకుని ఎవరికేం చెప్పేది?" అంది. కప్పు మాత్రం ఆమె మనవడు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. వాడికే ఇచ్చేశాను.

పటం మళ్ళీ గోడెక్కలేదు. అమ్మ దాన్ని ట్రంకుపెట్టె అడుగున పెట్టింది. నాన్న రిటైరయ్యేదాకా, ఆ తరువాత కూడా, వానలు మొదలవగానే ఒక బస్తా బియ్యం సైకిలు మీద వేసుకుని ఆ ఇంటికి వెళ్ళొచ్చేవాడు.

2005 అక్టోబరు 29న తెల్లవారుజామున వలిగొండ దగ్గర వరదకు వంతెన కొట్టుకుపోయి, రేపల్లె నుంచి సికింద్రాబాదు పోయే డెల్టా పాసింజరు పడిపోయింది. నూరుమందికి పైగా పోయారు. మర్నాడు పేపరు చూసి నాన్న రోజంతా అన్నం ముట్టలేదు. సాయంత్రం ఒకే మాట అన్నాడు: "ఆ రాత్రి మన బండిలో ఎంతమంది ఉన్నారో భాయికి తెలీదురా. వాళ్ళకూ భాయి ఎవరో తెలీదు." మరి రెండేళ్ళకు నాన్నా పోయాడు.

మిత్రులారా, నేను ఇప్పటికీ గుడికి క్రమంగా వెళ్ళేవాణ్ణని చెప్పను. నాన్నకున్న విశ్వాసం నాకు లేదు. అయితే ఆ పోటీలో నేను చెప్పిన కథలో మనిషి తప్పు, పని తప్పు కాదు. ఆ తప్పును నన్ను మెచ్చిన ఈ కాలేజీలోనే, ఈ పుటల్లోనే దిద్దుకోవాలని ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాను. ఆయన పేరు వ్రాద్దామనుకున్నాను. పిల్లలను అడిగితే, "అబ్బాజాన్‌కు ఇష్టముండదు, వద్దు" అన్నారు. అందుకని వ్రాయలేదు.

మీలో ఎవరైనా దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట కలం ఆగితే, ఆగకుండా ఉన్నదున్నట్టు వ్రాయండి. రాత్రి రైల్లో పోతున్నప్పుడు కిటికీలోంచి ఎక్కడో ఒక దీపం కనిపిస్తే, ఎవరో నడుస్తున్నారని గుర్తుంచుకోండి. ఎవరి బీటు ఎవరు నడుస్తున్నారో మనకు తెలియదు.