నేలనందని పాదములు

అభిమానము మనుష్యునకు ఎంత హాని చేయునో తెలుపుటకు పురాణగాథలక్కఱలేదు, మోటారుసైకిలు సీటు చాలునన్నచో చదువరులు నవ్వుదురేమో. నవ్విన పిదపనైనను వినవలయునని మా ప్రార్థన.

మేము పొట్టివారము. అయిదడుగుల రెండంగుళములకు మించము. పదవ తరగతి బాలురు కొందఱు మా తలమీదుగా నల్లబల్లను చూడగలరు. వామనుడు మూడడుగులతో లోకములను కొలిచిన కథను బడిలో మిక్కిలి ఉత్సాహముతో చెప్పుటలో మాకొక స్వార్థము కలదు. కాని వామనునకు మోటారుసైకిలు లేదు, మాకు కలదు.

హీరో స్ప్లెండర్ ప్లస్ బండి సీటు నేలనుండి 785 మిల్లీమీటర్ల యెత్తున నుండును. 2021లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సీటు 805. ఆ సంస్థయే 2020లో తెచ్చిన మీటియోర్ 350 సీటు 765. ఈ నలువది మిల్లీమీటర్ల భేదము, అనగా ఇంచుమించు ఒకటిన్నర అంగుళము, పొడగరులకు లెక్కలోనిది కాదు. మావంటివారికి నిలుచుటకును పడుటకును నడుమ నున్న దూర మంతయే.

అందునను మేము ఎత్తైన బండినే కొంటిమి. మూడేండ్లు మునివ్రేళ్లమీద నిలిచితిమి. సీటు కోయించుమని మా గృహిణి పలుమాఱులు చెప్పెను. "సీటు కోయించుకొన్న మేష్టారు" అని పిల్లలు నవ్వుదురని మేము వినలేదు. ఒక వానసాయంకాలము రైలుగేటుకడ బండి నాపి ఎడమకాలు మోపబోగా, అచట నేల రెండంగుళములు పల్లముగా నుండెను. కాలందలేదు. బండి యొరిగెను. వెనుక గూర్చున్న ఆమె మణికట్టు ఎముక చిట్లెను. ఆఱు వారములు పిండికట్టు. ఆమె మమ్మొక్క మాటయు అనలేదు, అన్నచో బాగుండెడిది.

మఱునాడు, జనము లేని వేళ చూచుకొని, సీట్లు కుట్టు దుకాణమునకు పోతిమి. మాకు ముందే అచట అంగన్‌వాడీలో పనిచేయు ఒక యువతి నిలిచియుండెను. మాకంటెను పొట్టి. "అన్నా, కాళ్లు నేలకి అందడం లేదు. అందేటట్టు చెయ్యి" అని వీథి యంతయు వినబడునట్లు చెప్పుచుండెను. మమ్ము చూచి, "మీకూ అందడం లేదా మాస్టారూ? మరి ఇన్నాళ్లూ ఎలా తోలారండీ?" అని నిష్కపటముగా నడిగెను. వ్యాకరణము చదివిన నోటికి ప్రత్యుత్తరము దొరకలేదు.

పనివాడు సీటు తొడుగును ఊడదీసి లోని నురుగుదిండును చూపెను. పైన కోయుటకు ముందు ప్రక్కలు కోయవలయునట. సీటు ముందుభాగము వెడల్పుగా నున్నచో తొడలు విడివడి, కాలి పొడవు కొంత అడ్డముగా వ్యర్థమగును. ఆ అంచులను చెక్కినచో పాదములు తిన్నగా దిగును. పిదప పైన ఒక అంగుళము మాత్రము ఱంపపుబద్దతో కోసి, గరుకుకాగితముతో నునుపు చేసెను. అంతకు మించి కోసినచో అడుగుపలక ఒత్తుకొనును. అందుకై పైన పలుచని గట్టినురుగు పొర నతికించెను. ముందునకు వాలుగా కోసినచో మనిషి పెట్రోలుటాంకు మీదికి జాఱునని సమముగా కోసెను. వెనుకవారి చోటును ముట్టలేదు. మోకాళ్లు మునుపటికంటె కొంచెము ముడుచుకొనుటయే దీనికి మూల్యము.

వెనుక స్ప్రింగులనే తగ్గింపరాదా యని యడిగితిమి. "వద్దండి. బండి అడుగు స్పీడుబ్రేకర్లకి తగులుద్ది. సైడుస్టాండు పొడుగైపోయి, బండి నిట్టనిలువుగా నిలబడి అవతలికి పడిపోద్ది. ఎముకల జోలికెందుకు మేష్టారూ, కండ తగ్గిద్దాం" అనెను. ఇంతటి వివేకము ఎన్ని సంస్కరణసభలలో వినబడును?

ఇప్పుడు మడమలు పూర్తిగా ఆనకున్నను రెండు పాదముల ముందుభాగములును నేలపై నిలుచుచున్నవి. అది చాలును.

అంతటితో ముగిసినచో ఈ వ్యాసము వ్రాయము. మఱుసటి సోమవారము ఆఱవ తరగతిలో, మొదటి బల్లమీది చిన్నపిల్ల కాళ్లు ఊపుచుండెను. ఊపవలదని కసరబోయి ఆగితిమి. ఆ పిల్ల కాళ్లు నేలకు జానెడెత్తున వ్రేలాడుచున్నవి. ఇరువదియేండ్లుగా ఎందఱి నిట్లు కసరితిమో! ఒకే కొలతకు బల్లలు చేసినవారిది తప్పుగాని, అందని కాళ్లది కాదు. కొలతకు సరిపడనివాడు తానే సిగ్గుపడునట్లు చేయుట మన సంఘమునకు పాతవిద్య. ఆ సిగ్గును మోయుట మా స్వంతవిద్య. విఱిగిన బల్లల చెక్కలతో ఆ వరుసకు పాదపీఠములు కొట్టించితిమి.

పిండికట్టు తీసినపిదప మా గృహిణి మరల వెనుక గూర్చుండెను. అదే గేటుకడ బండి నాపితిమి. ఆమె వంగి మా పాదములవంక చూచి, "ఆనాయాండీ?" అని మాత్రమడిగెను. ఆనినవంటిమి.