ఆగకూడని బండి

మా కర్మన్‌ఘాట్‌లో ఆ బండిని మిల్లరంటారు. మిక్సరన్న మాట తాపీమేస్త్రుల నోట నలిగి మిల్లరయింది కాబోలు. వెనకాల పెద్ద డ్రమ్ము తిప్పుకుంటూ, సగం రోడ్డు ఆక్రమించి నడుస్తుందే, అదేనండీ. దాని వెనక చిక్కిన ప్రతివాడూ డ్రైవరును తిట్టుకుంటాడు. ఆ డ్రైవరు ఉద్యోగమేమిటో దగ్గరుండి చూసే యోగం పోయిన వేసవిలో నాకు పట్టింది.

మా బావమరిది ఇల్లు కట్టుకుంటూ, సరిగ్గా స్లాబు నాటికి ఆఫీసు పనిమీద పైఊరు వెళ్ళాడు. "బావా, నువ్వుండి పోయించు" అన్నాడు. ప్రబంధాలు చెప్పుకునేవాడు స్లాబు పోయించడమేమిటని మా ఆవిడ నవ్వింది. పగలు పెద్ద బళ్ళకు సిటీలో ఆంక్షలు గనుక రాత్రి పదకొండింటికి వచ్చింది బండి.

వచ్చి సందు మొగలోనే ఆగింది. మలుపులో ఎవరిదో కారు. యజమాని కోసం నేను వాకిళ్ళు తడుతుంటే, ఎదురింటి మేడమీది పెద్దమనిషి "ఆ ఇంజనైనా ఆపించండి మాష్టారూ, పిల్లలు పడుకున్నారు" అన్నారు. ఆ మాట డ్రైవరుకు చేరవేశాను.

"ఇంజను బంద్ జేస్తే డ్రమ్ము నిలబడ్తది సార్. డ్రమ్ము నిలబడితే మాలు గట్టిపడ్తది" అన్నాడు.

కల్వకుర్తి వైపు మనిషి; ముప్ఫై అయిదేళ్ళుంటాయి. కారు కదిలేలోగా అతను చెప్పిన సంగతులు మా కాలేజీలో ఎవరూ చెప్పరు. డ్రమ్ము లోపల మరమేకు చుట్లలాగా ఇనుప రెక్కలుంటాయి. ఒకవైపు తిరిగితే కాంక్రీటును లోపలికి తోస్తాయి, ఎదురు తిరిగితే బయటికి నెడతాయి. దారిలో నిమిషానికి రెండు మూడు చుట్లు చాలు. ఆరు ఘనమీటర్ల మాలంటే పధ్నాలుగు టన్నుల పైమాట; మలుపులో అదంతా ఒక పక్కకు ఒరుగుతుంది. వేగంగా తిప్పాడా, బండి బోర్లా పడుతుంది. పోనీ నెమ్మదిగా వద్దామా అంటే, నీళ్ళు తగిలిన క్షణం నుంచి సిమెంటు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. నింపిన రెండు గంటల్లోగా దించెయ్యాలని మన దేశపు ప్రమాణం, ఐ.ఎస్. 4926, చెబుతుంది. బియ్యం లారీవాడు దాబా దగ్గర కునుకు తీయవచ్చు. ఇతనికి ఆ వీలు లేదు.

"గట్టిపడితేనో?" అన్నాను.

"మనిషి లోపటికి దిగి పలగ్గొట్టాలె సార్. నేను రెండుసార్లు దిగిన. ఎండకాలం, ఇనుప డబ్బ. మూడు దినాలు చెవులు మోగినయి."

కారు తీయించేసరికి ఇరవై నిమిషాలు హరించాయి.

అసలు గొడవ అప్పుడు మొదలయింది. మేస్త్రి మాలు చూసి, "మస్తు గట్టిగుంది, నాలుగు బకెట్లు నీళ్ళు కొట్టు" అన్నాడు. డ్రైవరు కొట్టనన్నాడు. మేస్త్రి కేకలేశాడు, కూలీలు పారలు కింద పడేశారు, అందరూ నా వంక చూశారు. మాలు పల్చనైతే వాళ్ళకు పని సులువు. కాని ఎక్కువైన నీళ్ళు ఆవిరైపోయిన చోట సన్నని బెజ్జాలు మిగిలి స్లాబు బలం తగ్గుతుంది. ఆ సంగతి ఏ పదేళ్ళకో ఇంట్లో ఉన్నవాళ్ళకు తెలుస్తుంది. అప్పటికి మేస్త్రి ఎక్కడో, డ్రైవరు ఎక్కడో! అయినా ఆ మనిషి గొంతు పెంచకుండా, మీట మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

మా పేట పేరుకొక స్థలపురాణముంది. ఔరంగజేబు గుడి పడగొట్టబోతే, ముందు మనసు గట్టి చేసుకోమని ఆంజనేయస్వామి పలికాడట: 'కర్ మన్ ఘట్' అని. ఆ వ్యుత్పత్తిని భాషాశాస్త్రం ఒప్పుకుంటుందో లేదో గాని, ఆ రాత్రి ఆ పని నాకు పడింది. "నీళ్ళొద్దు" అన్నాను. కూలీలకు తలా రెండు వందలు ఎక్కువిస్తానంటే పారలు లేచాయి. ఆ డబ్బు బావమరిది దగ్గర ఇంకా రాబట్టుకోలేదు లెండి.

మాలంతా దిగాక డ్రమ్ములో నీళ్ళు పట్టి తిప్పాడు, మాలు జారే తొట్టిని రుద్ది కడిగాడు. మా ఆవిడ ఉప్మా పెడతానంటే వద్దని, టీ మాత్రం నిలబడే తాగాడు.

"బైరామల్‌గూడల 2020ల తెరిచిన ఫ్లైఓవరుకు మాలు తోలిన సార్. పోరగాండ్లను తీస్కపోయి చూపిస్తే, 'నువ్వు పోసిందేది నాయినా?' అన్నరు. నేను పోసింది భూమిల ఉంది. ఏం చూపియ్యాలె?"

చలానా చాచాడు. నింపిన వేళ, దించిన వేళ, సైటులో కలిపిన నీళ్ళు అని గడులున్నాయి. మూడో గడిలో సున్నా చుట్టి సంతకం పెట్టాను. రెండో బండి అప్పటికే సందు మొగలో హారను కొడుతోంది. ఇతనికి క్లీనరు లేడు. పంచె ఎగగట్టి, వెనకాల నేనే నిలబడి, "రానీ, రానీ" అంటూ చెయ్యి ఊపాను.