బటన్ నొక్కించే పని

చెవి పరీక్షకు వచ్చినవాళ్లు చాలామంది పదో తరగతి పరీక్షకు కూర్చున్నట్టే కూర్చుంటారు. "తప్పు నొక్కితే ఎట్లా సార్?" అని ముందే అడుగుతారు. ఆ బెరుకు పోయేదాకా ఆడియోమీటర్ జోలికి వెళ్లొద్దని నాకు పని నేర్పిన మేడమ్ చెప్పేవారు. నువ్వు చెప్పాల్సింది ఒక్కటే: "ఉందా లేదా అన్నంత సన్నగా వినపడినా నొక్కండి. అనుమానంగా ఉన్నా నొక్కండి." ఈ ముక్క మింగేశావంటే జాగ్రత్తపరుడు బాగా వినపడేదాకా ఆగి నొక్కుతాడు. అతని చెవిలో లేని లోపం నీ కాగితం మీదికి ఎక్కుతుంది.

గదిలోకి పంపేముందు ఓటోస్కోప్‌తో రెండు చెవులూ చూడు. గులిమి గట్టిపడి దారి మూసుకుపోతే ముందు అది తీయించాలి. బుట్టకమ్మలు, మాటీలు, కళ్లజోడు తీయించు. లేకపోతే హెడ్‌ఫోన్ చెవికి ఆనుకోదు. సెల్‌ఫోన్ బయటే. కుర్చీ కాస్త పక్కకి తిప్పు, నీ చెయ్యి కనపడితే చెవితో కాదు, కంటితో పరీక్ష రాసేస్తారు.

బాగా వినపడే చెవితో, 1000 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టు. నొక్కితే 10 డెసిబెల్లు దిగు, నొక్కకపోతే 5 ఎక్కు. అలా దిగుతూ ఎక్కుతూ, వినిపించినప్పుడల్లా కనీసం సగంసార్లు పట్టుకున్న అతిచిన్న శబ్దమే ఆ మనిషి హద్దు. 250 నుంచి 8000 దాకా ఇదే వరస. కుడిచెవికి ఎర్ర సున్నా, ఎడమకు నీలం ఇంటూ. 25 లోపుంటే మామూలు వినికిడి కిందే లెక్క వేస్తాం.

తాళం వేసినట్టు మాత్రం వినిపించకు. మా దగ్గర చేరిన కుర్రాడొకడు సమానమైన వ్యవధిలో కూత మీద కూత ఇచ్చుకుంటూ పోయాడు. గ్రాఫు అద్భుతంగా వచ్చింది. నాకు అనుమానమొచ్చి హెడ్‌ఫోన్ వైరు పీకేశాను. లోపలి పెద్దాయన ఇంకా లయ తప్పకుండా నొక్కుతూనే ఉన్నాడు!

తర్వాత చెవి వెనక ఎముక మీద చిన్న వైబ్రేటర్ పెడతాం. గాలిదారిన వచ్చే శబ్దం తగ్గి, ఎముక దారిన బాగా వినపడితే అడ్డంకి బయటి చెవిలోనో మధ్యచెవిలోనో ఉందన్నమాట. రెండూ కలిసి పడిపోతే లోపలి చెవిలోనో, నరంలోనో. ఇక్కడే మాస్కింగ్ అవసరం. ఒక చెవి పూర్తిగా పోయినా, హెడ్‌ఫోన్ శబ్దం అవతలి చెవి ఎముక దారి హద్దుకన్నా 40 డెసిబెల్లు దాటితే పుర్రె మీదుగా ఆ చెవికి చేరొచ్చు. ఎముక మీద పెట్టినదైతే ఇంచుమించు తగ్గకుండానే చేరుతుంది. అందుకే రెండో చెవిలో హోరు పెట్టి దాన్ని పనిలో ఉంచాలి. "హోరును పట్టించుకోకండి, కూతకే నొక్కండి" అని చెప్పకపోతే హోరుకే నొక్కుతారు.

సిరిసిల్లలో ఏళ్ల తరబడి మరమగ్గాలు నడిపినాయన వచ్చినప్పుడు "ఇనవడుతది సార్, సమజైతలేదు" అన్నాడు. ఆ ఒక్క మాటతో సగం గ్రాఫు చెప్పేశాడు. గీత 4000 దగ్గర గుంటలో పడి, 8000 దగ్గర కాస్త లేచింది. చప్పుడు కొట్టిన దెబ్బ అది. అచ్చులు వినపడతాయి, స, ష, చ లాంటివి జారిపోతాయి. నోరు కనపడకుండా అడ్డం పెట్టుకుని "సంత" అంటే "అంత" అని తిరిగి చెప్పాడు. ఇలాంటివాళ్లని షిఫ్టు దిగి నేరుగా రావద్దను. రాత్రంతా చెవికి విశ్రాంతి ఉండాలి, లేదంటే గీత ఉన్నదానికన్నా కిందికి జారుతుంది.

వైకల్య సర్టిఫికెట్ల కోసం పెట్టే సదరం క్యాంపు వేరే లోకం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్ల లోపముంటే వినికిడి మందగించినవారు, 70 ఉంటే బధిరులు. పింఛను ఆశతో నటించేవాళ్లూ వస్తారు. నిజాయితీపరుడికి 1000 దగ్గర రెండోసారి చూసినా 5 డెసిబెల్లకు మించి తేడా రాదు. నటించేవాడికి రెండోసారి అదే మెట్టు మీద ఆగడం కష్టం. 60 దగ్గర కూత వినపడలేదన్న మనిషి 30 దగ్గర "పలక" అని తిరిగి చెప్పేస్తాడు. దొరికాడని ఎగరకు. "బటన్ సరిగా పనిచేస్తున్నట్టు లేదు, మళ్లీ చూద్దాం" అనడం మేడమ్ నేర్పిన మర్యాద. చాలామంది ఆ సందులోంచి దారికొస్తారు. రానివాళ్లకు బేరా ఉంది. నుదుటి మీద, చెవుల వెనక ఎలక్ట్రోడ్లు అతికిస్తే నరమే జవాబిస్తుంది, బటన్‌తో పనిలేదు.

నాకు ఈ పని మీద గురి కుదిరింది ఒక నాలుగేళ్ల పాపతో. బళ్లో మొండిపిల్ల అని పేరు. కూత వినపడినప్పుడల్లా రింగు ఒకటి పుల్లకు తొడగమని ఆట నేర్పాను. రింగులు అయిపోయేలోపే తెలిసింది: గాలిదారిలో 35, ఎముక దారిలో మామూలే. కర్ణభేరి కదలికను చూసే ఇంపెడెన్స్ పరీక్ష గీత గుట్టలా లేవకుండా చదునుగా పడుకుంది. కర్ణభేరి వెనక నీరు చేరినట్టుంది. ఈఎన్‌టీ డాక్టరు వైద్యం చేశాక మళ్లీ వచ్చారు. గీత 15కి ఎక్కింది. "ఇప్పుడు టీవీ సౌండ్ తగ్గించమని నన్నే కసురుతోంది" అని తల్లి ఫిర్యాదు!

గ్రాఫు చేతికొచ్చాక అందరూ అడిగేది "ఎంత పర్సెంట్ పోయింది?" అని. అందులో ఉండేవి డెసిబెల్లు. శాతం సర్టిఫికెట్ కోసం కట్టే లెక్క. అది విడమరిచి చెప్పు. చెప్పేటప్పుడు వెంట వచ్చిన కొడుకు వైపు కాక, చెవి చూపించుకున్నాయన వైపే తిరిగి, మూతికున్న మాస్కు తీసి చెప్పు.